ఏమీ కాలేదట

నకానీ బట్టలు ఉతకడానికి కూర్చుందంటే దేశపు నాట్య బృందంలోని ఆడపిల్లల గుండెల్లో రాయి పడేది. మంగళవారం ఒకసారి, శనివారం ఒకసారి, సాధన మందిరం వెనక కుళాయి దగ్గర పద్దెనిమిది మంది పిల్లల బట్టలూ లోపలి గుడ్డలతో సహా ఆమే ఉతకాలి. ఆ పనికి జీతం లేదు. "తల్లి చేసే పనికి జీతమేమిటి నకానీ?" అన్నాడు డైరెక్టరు, ఆమెని నాట్యం నుంచి తప్పించి అది అప్పగించిన రోజున నవ్వుతూ. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. ఏ పిల్ల నెలసరి గుడ్డ రాలేదో ఆమె కనిపెట్టాలి. కనిపెట్టి మోరిబాకి చెప్పాలి. మోరిబా ఆమె భర్త, బృందంలో జెంబే డోలు వాయించేవాళ్లందరికీ పెద్ద, సాధన చేయించేదీ ఆయనే. ఆయన వెళ్లి డైరెక్టరుకి చెబుతాడు. ఆ పిల్ల పాస్‌పోర్టు బీరువాలోకి పోతుంది, పిల్ల లారీ ఎక్కి పల్లెకి పోతుంది. ఎనిమిదేళ్లలో ఏడుగురు అలా వెళ్లారు. వాళ్లలో ఒక్కరూ ఆమెను తిట్టలేదు. లారీ కదిలేటప్పుడు ఆమె వైపు చూశారు, అంతే. ఆ చూపు కంటే తిట్టు నయం అనుకునేది నకానీ, సబ్బు నురగలో చేతులు ముంచి.

ఆమె కూడా లారీలోనే వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు జిల్లా జిల్లాకీ నాట్య పోటీలు పెట్టారు. దేశం ముఖం లోకానికి చూపించాలన్నారు. ఫోనియో ధాన్యం చేలో కలుపు తీస్తూ ఆడవాళ్లు ఆడే ఆటని పదహారేళ్ల నకానీ తల్లి వెనక నిలబడి ఆడింది. తల్లిని వదిలేసి కూతుర్ని తీసుకున్నారు. తెల్లవాడి సైనికులు ఖాళీ చేసిన బారకాసుల్లో పడుకోబెట్టారు. దేశంలో ప్రతి మూల నుంచీ ఒక ఆట, ఒక పాట, ఒక పిల్ల. పొద్దుటి నుంచి చేను చివర దాకా సాగే కలుపాటని ఏడు నిమిషాలకి కత్తిరించారు, చేతిలో పారలు తీసేసి పూసల పట్టీలు పెట్టారు. అచ్చువేసిన కరపత్రంలో ఆ ఆట కింద 'కూర్పు: మోరిబా' అని ఉండేది. పెళ్లైన కొత్తలో ఒకసారి అడిగింది. "నీ పేరుంటే ఏమిటి, నా పేరుంటే ఏమిటి? ఒకే ఇల్లు కదా," అన్నాడాయన. అప్పుడది ప్రేమలాగే వినిపించింది. పంతొమ్మిది దేశాలు తిరిగింది. ఆ దేశాల్లో ఏం చూశావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నవి హోటలు గదుల్లో చేతులు కడుక్కునే తొట్లు. వాటిల్లో మగవాళ్ల చొక్కాలు ఉతికి, కిటికీల మీద ఆరేసి, తెల్లారి ఇస్త్రీ చేసి, సాయంత్రం రంగస్థలం మీద దేశం ముఖంగా నవ్వేది.

ప్రాగ్‌లో ఆమెకి మూడో నెల. ఇరవై నాలుగేళ్లు. బృందంలో కడుపుతో ఉన్న పిల్లకి చోటు లేదు, తిరుగు టిక్కెట్టు మాత్రం ఉంటుంది. "బిడ్డని మళ్లీ కనొచ్చు. ఇలాంటి పర్యటన మళ్లీ వస్తుందా? మనిద్దరి భవిష్యత్తూ దీని మీదే ఉంది," అన్నాడు మోరిబా. వేషాల పెట్టె అడుగున మందు వేళ్లు దాచుకుని బృందంతో తిరిగే ముసలావిడ ఒకామె ఉండేది. ఆవిడ కషాయం కాచింది. గ్లాసు పట్టుకున్నది మోరిబా. వద్దన్న మాట నకానీ నోట్లోనే ఉంది, గ్లాసు ముందు వచ్చింది. నాలుగో రోజున, గుడ్డ మీద గుడ్డ కట్టుకుని, కలుపాట ఆడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆమె కడుపు మళ్లీ పండలేదు.

ఇంటికొచ్చాక అత్తగారు రెండేళ్లు ఆగింది. అందరూ ఆవిడని మా సోనా, అంటే సోనా అమ్మ, అనేవారు. తర్వాత మొదలుపెట్టింది. "ఊళ్లు తిరిగిన ఒళ్లు. అందులో బిడ్డ ఎక్కడ నిలుస్తుంది?" "మా వాడు చేసుకున్నది పెళ్లామా, ఎండిన సొరబుర్రా?" ఆ మాటలు వినిపించేంత దూరంలోనే మోరిబా కూర్చుని అన్నం తినేవాడు. నీళ్లడిగేవాడు. ఇంకొంచెం వేరుశనగ పులుసు వెయ్యమనేవాడు. నిజం మాత్రం ఏ రోజూ తల్లికి చెప్పలేదు. పైగా ఐదో ఏట హవాని రెండో భార్యగా తెచ్చుకుంటూ, "అమ్మ మాట కాదనలేను," అన్నాడు నకానీతో. హవాకి ముగ్గురు పిల్లలు. వాళ్లకి నీళ్లు పోసేదీ, జడలు అల్లేదీ నకానీయే. హవా మీద ఆమెకి కోపం లేదు. ఆ పిల్లకేం తెలుసు?

ఆ ఏడు స్వాతంత్ర్యానికి ఇరవై అయిదేళ్లు. ఆరు దేశాల పర్యటన ఖాయమైంది. కలుపాటలో ముందు నిలిచేది తెనిన్, పంతొమ్మిదేళ్ల పిల్ల. ఆ పిల్ల నడుము వంచి లేస్తుంటే నకానీకి తల్లి గుర్తొచ్చేది, తను కాదు. రెండు నెలలుగా తెనిన్ గుడ్డ రాలేదు. "అందరూ బాగున్నారా?" అని మోరిబా అడిగినప్పుడు, "బాగానే ఉన్నారు," అంది నకానీ. ఎనిమిదేళ్లలో మొదటి అబద్ధం. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. మూడో నెలలో ఒక పొద్దున సాధన మధ్యలో తెనిన్ గిర్రున తిరిగి తిరిగి నేలకి ఒరిగిపోయింది.

మధ్యాహ్నం సాధన మందిరం వరండాలోనే మోరిబా ఆమెని నిలదీశాడు.

"నీ కళ్లకి ఏమైందే? డైరెక్టరు ముందు నా పరువు తీశావు."

"నేను చూడలేదు."

"చూడలేదా? చూడడం తప్ప నీకు వేరే పనేముందిక్కడ?" చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పోనీలే. ఆ పిల్ల లేకపోతే పర్యటన లేదు. సంతలో మందు వేళ్లమ్మే ముసల్ది ఉందిగా, రేపు తీసుకెళ్లు."

"ఆ బిడ్డ తండ్రి మన బృందంలోని సిదికీ. అతని పాస్‌పోర్టు కూడా ఆపుతారా?"

మోరిబా పగలబడి నవ్వాడు. "బలాఫోన్ వాయించేవాడికి కడుపొస్తుందా ఏమిటి?" నవ్వు ఆపుకుని అన్నాడు, "ఎందుకంత గుంజాటన? నువ్వు తాగలేదూ? చచ్చావా ఏమన్నా? నా ఎదురుగానే నిలబడ్డావుగా."

నిజమే, నిలబడే ఉంది. ఇన్నేళ్లుగా అన్నీ అలా నిలబడే చేసింది. ఆయన్ని అక్కడే వదిలి లోపలికి నడిచింది.

వేషాల గదిలో తెనిన్ చాప మీద మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. నకానీ వెళ్లి పక్కన కూర్చుంది.

"పిన్నీ, మాస్టారు చెప్పారు," అంది తెనిన్, మొహం ఎత్తకుండా. "నువ్వూ తాగావటగా. నీకేమీ కాలేదట కదా?"

పదహారేళ్లు తల్లికి చెప్పని మాటని ఆ మనిషి ఈ పిల్లకి చెప్పాడు, అదీ ఇలా తిప్పి. తన ఒంటి మీద జరిగినదాన్ని ఇంకో ఒంటికి పూచీగా చూపించాడు.

"నాకు ఏమైందో ఆయనకేం తెలుసు?" అంది. తర్వాత చెప్పింది. గ్లాసు సంగతి, కట్టుకున్న గుడ్డల సంగతి, చప్పట్ల మధ్య కాళ్ల వెంట కారినదాన్ని పూసల పట్టీలతో తుడుచుకున్న సంగతి. ఎవరికీ చెప్పని మాటలు కావడం వల్ల అవి వరసగా రాలేదు, వెనకవి ముందూ ముందువి వెనకా వచ్చాయి. "తాగొద్దని నేను చెప్పను. తాగమనీ చెప్పను. అక్కర్లేదనుకుంటే చెప్పు, నాకు తెలిసిన నర్సు ఉంది, ఒళ్లు చెడకుండా చూస్తుంది. కావాలనుకుంటే అదీ చెప్పు. కానీ నాకేమీ కాలేదని మాత్రం అనుకోకు."

తెనిన్ చాలాసేపు ఏడ్చింది. "నాకు కావాలి," అంది చివరికి. "కానీ ఊరెళ్లలేను పిన్నీ. నాన్న గడప తొక్కనివ్వడు."

తెనిన్ బిడ్డని కంటుందని నకానీ డైరెక్టరు గదికి వెళ్లి చెప్పింది. అక్కడ మాటలు ఎక్కువ జరగలేదు. ఆయన తెనిన్ పేరు కొట్టేస్తూ, ఇంకెవరైనా ఉన్నారా అని నకానీని అడిగాడు. ఉంటే వాళ్లే చెబుతారు, నేను చెప్పను అంది నకానీ. అయితే నువ్వెందుకిక్కడ అన్నాడాయన. అదే అనుకుంటున్నాను అని, తెనిన్ మూట తీసుకుని, ఆ పిల్లని వెంటబెట్టుకుని బయటికొచ్చింది. మందిరంలో అప్పటికే వేరే పిల్లని తెనిన్ చోట నిలబెట్టి కలుపాట వాయిస్తున్నారు. మోరిబా దెబ్బ ఎక్కడా తడబడలేదు.

ఇంటి వాకిట్లో మా సోనా, హవా బియ్యం ఏరుతున్నారు. నకానీ తెనిన్ మూటని తన గదిలో పెట్టి వచ్చి చెప్పింది, ఈ పిల్ల ఇక్కడే ఉంటుంది, ఇక్కడే కంటుంది అని.

మా సోనా చేట కింద పెట్టింది. "ఎవడి పాపమో మా వాకిట్లోనా? నీ కడుపున ఎలాగూ కాయలేదు, ఇప్పుడు ఊళ్లోవాళ్లవి ఏరుకొస్తున్నావా?"

"కాసింది," అంది నకానీ. అరవలేదు. బట్టలు ఎక్కడ ఆరేశావంటే చెప్పినట్టు చెప్పింది. "మీ మొదటి మనవడో మనవరాలో ప్రాగ్‌లో పోయింది. కషాయం గ్లాసు నా నోటికి పట్టింది మీ కొడుకే."

హవా చేతిలోని బియ్యం అలాగే ఉండిపోయాయి. మా సోనా తన మోకాళ్ల వైపు చూసుకుంది. ఆ ముసలి మొహంలో కోపం ఎక్కడికి పోవాలో తెలియక తచ్చాడింది.

"మగపిల్లాడా, ఆడపిల్లా?" అంది.

"చూసుకోనివ్వలేదు. ఆ వారం నాలుగు ప్రదర్శనలు ఉన్నాయి."

పొద్దు వాలేవేళకి మోరిబా వచ్చాడు. వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. భుజం మీది జెంబే దించి, చెమట తుడుచుకుంటూ, "నీళ్లు తోడారా?" అని అడిగాడు. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. ఎప్పుడూ పిలవనక్కర్లేదు, ఎవరో ఒకరు లేచేవారు.

నకానీ లేవలేదు. హవా లేవబోయింది. మా సోనా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.