లిఫ్టు నెత్తిన ప్రార్థన

లిఫ్టులు బాగుచేసే ఆయన్ని చర్చిలో అందరూ ‘మైకు’ అంటారు. ఆయన ప్రార్థన మొదలుపెట్టినప్పుడు ఒళ్ళో పాలు తాగుతున్న పిల్ల, ‘ఆమేన్’ అనేసరికి బడికెళ్ళే ఈడుకొచ్చిందట! నమ్మకపోతే ఆ పిల్లనే అడగండి, ఇప్పుడు ఆవిడకి మనవలు కూడానూ.

ఆ శనివారం పొద్దున మైకు తొమ్మిదంతస్తుల పాత భవనంలో, లిఫ్టు పెట్టె నెత్తినెక్కి ఇనప తాళ్ళకి గ్రీజు రాస్తున్నాడు. సాయానికొచ్చిన బావమరిది పైన మోటారు గదిలో ఉన్నాడు. పనిలో పనిగా మర్నాటి ప్రార్థన సాధన చేసుకుంటున్నాడు. “సర్వోన్నతుడా! మహా సింహాసనాసీనుడా!” అని చేతులెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఆ ఊపులో, లిఫ్టు కదలకుండా ఎక్కగానే నొక్కాల్సిన ఎర్ర బటన్ నొక్కడం మరిచేపోయాడు.

తొమ్మిదో అంతస్తులో ఎవరో లిఫ్టుని పిలిచారు.

కాళ్ళ కింద పెట్టె కదిలింది. కళ్ళు తెరిచేసరికి మూడో అంతస్తు గోడ కిందికి జారిపోతోంది. తూలిపడ్డాడు. టార్చి చేజారి ఎక్కడో అడుగున భళ్ళుమంది. చిమ్మచీకటి. బటన్ కోసం తడిమితే చేతికి గ్రీజే తగిలింది. తొమ్మిదిలో పెట్టె ఆగితే దానికీ పైకప్పు శ్లాబుకీ మధ్య జానెడు సందు కూడా ఉండదు. కొలిచింది తనే.

అరుద్దామంటే నోరు పిడచగట్టుకుపోయింది. ఆ బిరుదుల్లో ఒక్కటీ గుర్తురాలేదు. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకున్నా తన చెవులు మాత్రం వెనక బెంచీల మీదే ఉండేవి, ఎవరు ‘ఆహా’ అంటారా అని. ఇక్కడ బెంచీల్లేవు. వెల్లకిలా పడుకుని, ఒట్టి పెదాలతో, “నాయనా... భయమేస్తోంది... నేను...” అన్నాడు. అంతకన్నా రాలేదు.

ఎనిమిదో అంతస్తు దాటింది. శ్లాబు చల్లదనం మొహానికి తగిలింది.

పెట్టె ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ముక్కుకీ శ్లాబుకీ మధ్య పిడికెడు ఖాళీ.

పై మోటారు గదిలోంచి, తాళ్ళు దిగే కన్నంలో బావమరిది అరుపు: “బావా! బతికున్నావా?”

మైకు పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

“పలుకు బావా, నీకు దణ్ణం పెడతా! మోటారు తిరుగుతుంటే నువ్వే తిప్పుతున్నావనుకున్నా. నీ గోల ఆగేసరికి నా గుండె జారిపోయింది. ప్రార్థన మధ్యలో నువ్వు ఆగడం ఏనాడన్నా విన్నామా? అందుకే మెయిన్ స్విచ్ కట్టేశా!”

“ఉండరా.”

“ఏం చేస్తున్నావక్కడ?”

“ప్రార్థన.”

“నాకేం వినపడట్లేదే!”

“నీతో కాదురా మాట్లాడేది,” అన్నాడు మైకు, పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే.