గొంతు మీద గొంతు

రాజమల్లు మైకును నోటికి జానెడు దూరంలో పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. చివరి అక్షరం వెనక గోడకు తగిలి తిరిగి వస్తోంది. స్టేజీ దిగి వచ్చి ఆంప్లిఫయర్ మీద ఒక గుండీని గోరంత వెనక్కి తిప్పి, మళ్ళీ ఎక్కి "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. ఈసారి తిరిగి రాలేదు. నలభై ఏళ్ళుగా ఊరూరా మైకు పెట్టిన మనిషి మైకులో మాట్లాడిన మాటలు ఈ మూడే. నాలుగు అనాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

జగిత్యాలలోని ఆ ఫంక్షన్ హాల్లో నిన్న పెళ్ళి జరిగింది. తివాచీ అంచుల్లో పసుపు బియ్యం ఇంకా ఉన్నాయి. రాజమల్లు మోకాళ్ళ మీద కూర్చుని, వాటిని అరచేత్తో పక్కకు నెట్టి, మైకు తీగ మీద టేపు అంటిస్తూ పోయాడు. అరవై మూడేళ్ళ మోకాళ్ళు, అడుగడుక్కీ చప్పుడు చేస్తున్నాయి. సన్నటి మనిషి. చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. పొద్దున పెట్టెలు దింపినప్పటి నుంచి ఎడమ చెయ్యి గుంజుతోంది. గ్యాసు అనుకుని ఒక సోడా తాగాడు, తేన్పు వచ్చింది, సరిపోయిందనుకున్నాడు.

స్టేజీ మీద పెద్ద బ్యానరు కట్టారు: "పిల్లలు, కుటుంబం, డిజిటల్ రేపు". హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి కంపెనీల వాళ్ళు వచ్చారు. చుట్టుపక్కల మండలాల టీచర్లనూ అంగన్‌వాడీ వాళ్ళనూ పిలిచారు. ఇలాంటి సదస్సు జగిత్యాలలో ఎందుకంటే, తండ్రి గల్ఫులో ఉండి ఫోనులోనే పెరిగే పిల్లలు ఇక్కడ ఎక్కువట. ఆ మాట మొదట మాట్లాడినాయన చెప్పాడు. ఆ సంగతి తమకు కొత్తగా తెలిసినట్టు టీచర్లంతా శ్రద్ధగా రాసుకున్నారు.

రాజమల్లు తన మూలలో, బల్ల వెనక, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నాడు. విన్నాడంటే మాటలు కాదు, ధ్వని. ఎవరి గొంతు కీచుమంటుందో, ఎవరు మైకును మింగబోతారో చూసుకుంటూ గుండీలు తిప్పుతున్నాడు. కానీ "దూరాన ఉన్న తండ్రి గొంతు బిడ్డకు చేరడం ఎలా?" అని ఒకావిడ అడిగేసరికి ఆయన చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

ఎలా చేరేదో ఆయనకు తెలుసు. ఆ పని చేసింది ఆయనే.

కోరుట్ల పాత బస్టాండు పక్కన పది అడుగుల గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించి, బయటి చప్పుడు రాకుండా చేశాడు. అప్పుడు ఊళ్ళలో ఫోన్లు లేవు. రాయికల్ నుంచి, మెట్‌పల్లి నుంచి, ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్ళు వచ్చి గల్ఫులో ఉన్న మొగుళ్ళకు క్యాసెట్లలో మాటలు నింపి పంపేవాళ్ళు. ఆ వేడుక చూసి తీరాలి. వెళ్ళేది గొంతు ఒక్కటే అయినా తలంటుకుని, పువ్వులు పెట్టుకుని, పిల్లలకు కొత్త గౌన్లు తొడిగి తెచ్చేవాళ్ళు. దుబాయి దూరం కాబట్టి గట్టిగా అరిచేవాళ్ళు. ఒకామె "గీ గాజులు సూడు, ఎట్లున్నయి?" అని చెయ్యెత్తి టేపురికార్డరుకు చూపించింది. రాజమల్లు ఎప్పుడూ నవ్వలేదు. రికార్డు చేసే రెండు బటన్లు కలిపి నొక్కి, తలుపు దగ్గరగా వేసి, బయట స్టూలు మీద కూర్చునేవాడు. అప్పటి ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ ఆయన ముక్కుకు మల్లెపూలూ కొత్త గౌన్ల గంజీ కలిసిన వాసన తగులుతుంది. తర్వాత ఫోన్లు వచ్చాయి, గది రీచార్జి దుకాణం అయింది, అదీ మూతపడింది. మైకుసెట్టు మిగిలింది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు భార్య లసుమవ్వ ఫోను చేసింది. ఇంట్లో బీడీలు చుడుతూ స్పీకరు పెట్టి మాట్లాడుతోంది, కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

"తిన్నవా? గాడ బిర్యాని తినకు. మల్ల గ్యాసని రాత్రంత నన్ను సతాయిస్తవు."

"తినలే. చెయ్యి గుంజుతుంది జర."

"పెట్టెలు నువ్వే మోసినవా? మనిషిని పెట్టుకొమ్మంటే ఇనవు. పొద్దుమీకితే అచ్చేయి, సెట్టు రేపు తెచ్చుకోవచ్చు."

"గట్లనే చేస్త తియ్."

ఫోను పెట్టేసరికి బల్ల ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి మెడలో కార్డు వేలాడుతోంది, మాధవి. బయట వరండాలో బొమ్మల స్టాలు ఆమెదే. తండ్రి గొంతు పది సెకన్లు వినిపిస్తే చాలు, ఆ గొంతుతో రోజుకో కథ చెప్పే గుడ్డ ఏనుగు వాళ్ళ కంపెనీది. రెండో ఆమెకు నలభై దగ్గర ఉంటాయి, నేత చీర, చేతిలో సంచి.

"అంకుల్, మీ దగ్గర క్యాసెట్ ప్లేయర్ ఉందా? ఈ మేడం సిరిసిల్ల నుంచి వచ్చారు, స్కూల్ టీచర్. ఒక పాత క్యాసెట్ తెచ్చారు. మా దగ్గర దాన్ని పెట్టేదే లేదు" అంది మాధవి.

ఆంప్లిఫయర్ ముందు భాగంలోనే క్యాసెట్ పెట్టే అర ఉంది. రాజమల్లు కొత్త సెట్టు కొననిది అందుకే. ఆయన చెయ్యి చాచాడు. టీచరు సంచిలోంచి చేతిరుమాలు తీసింది, రుమాలు మడతల్లోంచి క్యాసెట్ తీసింది. దాని మీద నీలి సిరాతో అక్షరాలు: "కొమురవ్వ, రాయికల్. దమ్మాంకు."

అది తన చేతిరాత.

ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "నువ్వు కొమురవ్వ బిడ్డవా?"

"అవు. రచన. మా అమ్మ మీకెట్ల తెలుసు?"

ఆయన క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీంట్ల ఏం గావాలె నీకు?"

"మా బాపు గొంతు. నాకు మూడేండ్లప్పుడు సౌదీల, దమ్మాంల సచ్చిపోయిండు. గాయన మాటలు దీంట్ల ఉండెనట. అమ్మ దానిమీదనే జవాబు మాట్లాడి పంపింది. తిరిగొచ్చినంక ఎవ్వల్ని ఇననియ్యలే. కంప్యూటర్ల పెడితే కింది గొంతు తియ్యస్తదేమోనని తెచ్చిన." ఆమె మాధవి వైపు తిరిగింది. "రాదా మేడం?"

మాధవి మంచి పిల్ల, అబద్ధం చెప్పలేదు. "రాదండి. ఒకసారి దాని మీద రికార్డు చేస్తే కింద ఏమీ మిగలదు. సారీ."

రచన తల ఊపింది. కొత్త మాట కాదన్నట్టు రుమాలు మళ్ళీ మడత పెట్టసాగింది.

రాజమల్లుకు మాత్రం ఆ క్యాసెట్ నింపిన రోజంతా కళ్ళముందుకు వచ్చింది. మొగుడు భూమయ్య పంపిన క్యాసెట్ వచ్చింది, కొమురవ్వ గదిలో రెండుసార్లు విన్నది, ముసిముసిగా నవ్వుకుంటూ బయటికి వచ్చింది. కొత్త క్యాసెట్ తియ్యనా అని తను అడిగితే, "దండుగెందుకన్నా, దీనిమీదనే చెయ్యి. గాయన మాటలు ఇన్న గద" అన్నది. అందరూ అట్లాగే చేసేవాళ్ళు. వచ్చినదాని మీదే జవాబు నింపి తిప్పి పంపేవాళ్ళు, ఒకే క్యాసెట్ ఏడాదంతా దుబాయికీ కోరుట్లకూ తిరిగేది. మనుషులు ఎప్పటికీ ఉంటారనీ మాటలు మళ్ళీ వస్తాయనీ అందరి ధీమా. తనూ అదే ధీమాతో రెండు బటన్లు నొక్కాడు. క్యాసెట్ దమ్మాం చేరేసరికి భూమయ్య నిద్రలోనే పోయాడు. నెలన్నరకు ఆయన పెట్టెలో బట్టల మధ్య అది తిరిగొచ్చింది. కొమురవ్వ దాన్ని పట్టుకుని ఆ గదికే వచ్చి, "కింది గొంతు తియ్యరాదా అన్నా?" అని అడిగింది. పెట్టి రెండు నిమిషాలు వినిపించాడు. చనిపోయిన మనిషికి తను చెప్పిన కబుర్లు తన చెవినే పడేసరికి ఆమె "బంద్ చెయ్యి" అని ఏడ్చింది. "పోయింది చెల్లె" అన్నాడు తను. ఆ మాట ముప్పై ఐదేళ్ళుగా ఆయన కడుపులో రాయిలా ఉంది.

"కాకా, ఇయ్యి మరి, పోత" అంది రచన.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రోజు కరెంటు పోయింది.

కొమురవ్వ మాట్లాడుతుండగానే పోయింది. క్యాసెట్ తీసుకుని దమ్మాం పోవాల్సిన మనిషి బొంబాయి బస్సుకు వేళయిందని తొందర పెడితే, సగం జవాబుతోనే క్యాసెట్ ఇచ్చేశారు. కరెంటోళ్ళను తను ఎన్ని తిట్లు తిట్టాడో. అంటే ఆమె గొంతు క్యాసెట్ చివరిదాకా పోలేదు. ఇంత చిన్న సంగతి అప్పుడు తనకెందుకు తట్టలేదు? ఆమె ఏడుపు చూసి బంద్ చేశాడు, చివరిదాకా తిప్పి చూడలేదు.

"ఆగు బిడ్డా" అన్నాడు. "కూసో. గా బటను నొక్కింది నేనే. కోరుట్ల దుకాణం నాదే."

రచన ఆయన్ని చూసింది. కోపం వస్తుందని ఆయన ఎదురుచూశాడు, వస్తే బాగుండుననీ అనుకున్నాడు.

"అమ్మ ఎన్నడు మీ పేరు తియ్యలే కాకా" అందామె. "తన్నే తిట్టుకున్నది. నా మొగని గొంతు నా గొంతుతోనే పిసికిన అంటది. ఇప్పటికి గట్టిగ మాట్లాడది."

రాజమల్లు హాలు స్పీకర్లు ఆపేశాడు. చెవి మీది పెన్సిలు క్యాసెట్ చక్రంలో పెట్టి, బిగుసుకున్న టేపును మెల్లగా నాలుగు చుట్లు తిప్పి వదులు చేశాడు. లోపల పెట్టి ముందుకు పరిగెత్తించాడు. హెడ్‌ఫోను దొప్పలు రెండూ బయటికి తిప్పి, ఒకటి రచన చెవికి ఆనించి, ఇంకొకటి తన చెవికి పెట్టుకున్నాడు.

మొదట కొమురవ్వ, పడుచు గొంతు, పెద్దగా: "...పోరి నన్ను మాట్లాడనిస్తలేదు, బిస్కట్ అంటది, ఇగో నువ్వే జెప్పు—" ఠప్పున ఆగింది. బుస్సుమని గాలి లాంటి చప్పుడు. రాజమల్లు దొప్పను చెవికి ఇంకాస్త అదుముకున్నాడు. లోపల ఏమీ లేకపోతే ఈ బిడ్డకు మళ్ళీ అదే మాట చెప్పాలి, పోయింది అని. ఈసారి ఆ మాట అనే బలం తనకు లేదు.

తర్వాత, మగ గొంతు.

"...పోశెట్టి తోని గౌను పంపిన. పెద్దగుంటది, ఒక ఏడు ఆగి తొడుగు. నా పానం మంచిగుంది, రంది వెట్టుకోకు. ఇగ బిడ్డనిటు దగ్గరికి తే." వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. "రచనా. ఓ రచనా. బాపు పిలుస్తుండు. ఊ అను."

నిశ్శబ్దం. గల్ఫు కూలీల క్యాంపుల్లో అందరూ అట్లాగే చేసేవాళ్ళు, పిల్ల జవాబు చెప్పడానికి టేపు మీద ఖాళీ వదిలేవాళ్ళు. గిన్నెల చప్పుడు కూడా ఆగింది. టేపు తిరుగుతోంది.

"ఊ" అంది రచన.

"ఆఁ, గట్ల" అన్నాడు భూమయ్య, నవ్వుతూ. "నా బంగారు బిడ్డ."

అంతే. టేపు అయిపోయి బటను పైకి లేచింది.

రచన రుమాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, ఎదుట వంద మంది టీచర్లు అన్నం తింటుండగా, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. రాజమల్లు కూడా ఏడ్చాడు, కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. మాధవి రచన ఫోనుకు ఒక తీగ తగిలించి ఆ మాటలను దించి ఇచ్చింది.

"మేడం, ఇది పది సెకన్లకంటే ఎక్కువే ఉంది" అంది మెల్లగా. "మీరు కోరితే మా బొమ్మతో మీ బాపు గొంతుతో ఏ కథైనా చెప్పించొచ్చు."

"వద్దమ్మా" అంది రచన. "గాయన అన్నయి చాలు. మల్ల దానిమీద ఇంకోటెందుకు?"

సాయంత్రం సదస్సు ముగిసింది. రచన రాయికల్ ఆటో ఎక్కేముందు మళ్ళీ వచ్చింది. ఇవాళే అమ్మకు వినిపిస్తానంది. రాజమల్లు క్యాసెట్ వెంటనే ఇవ్వలేదు. దాని వెనక అంచున అటూ ఇటూ రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి. అవి విరిచేస్తే దాని మీద ఇక ఎవరూ ఏమీ రికార్డు చేయలేరు. అప్పట్లో ఎవరి క్యాసెట్‌కూ ఆయన ఆ పని చేయలేదు, మళ్ళీ వాడుకోవాలి కదా. టెస్టరు మొనతో ఒకటి ఎత్తాడు, ఠక్కుమంది. రెండోదీ ఎత్తాడు. అప్పుడు రుమాల్లో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"అమ్మకు జెప్పు, గా రోజు కరెంటు పోయిందని యాది జెయ్యి" అన్నాడు.

"మీరే అచ్చి చెప్పుండ్రి కాకా. ఐతారం నాడు రాండ్రి."

"అస్త బిడ్డా."

సెట్టు అక్కడే ఉంచి అయిదున్నర బస్సెక్కాడు. కిటికీ పక్క సీటు దొరికింది. చెయ్యి ఇంకా గుంజుతూనే ఉంది, మనసు మాత్రం ఎన్నడూ లేనంత తేలికగా ఉంది. లసుమవ్వకు ఫోను చేసి, ఒక ముచ్చట ఉంది ఇంటికొచ్చి చెప్తా అన్నాడు. కోరుట్లలో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి, "పెద్దమనిషీ, దిగవా?" అని భుజం తట్టాడు. రాజమల్లు లేవలేదు.

సెట్టు కోసం మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగో రోజు హాలు వాచ్‌మన్ గంగారాం పెళ్ళివాళ్ళకు చోటు చేయడానికి ఆ మూల ఊడ్చాడు, పెట్టెలు గోడకు జరిపాడు, బల్ల తుడవబోయి ఆగాడు. ఏమిటో తెలియక, పారేయడానికి చేతులు రాక, వాటి చుట్టూ తుడిచి వదిలేశాడు: బియ్యపు గింజంత నల్లటి ప్లాస్టిక్ ముక్కలు, రెండు.