కళ్యాణి వన్స్‌మోర్

మా నాటకాల సంఘంలో వేషం ఇచ్చేది దర్శకుడే అయినా, పాట ఇచ్చేది హార్మోనియం. నేను ఏ శ్రుతి పెడితే అందులో గొంతున్నవాళ్లే పాడగలరు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల నాటకాలకి నలభై ఏళ్లుగా ఆ మెట్లు నొక్కుతున్నవాణ్ణి నేనే, ఎర్రయ్యని. పగలు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని, సాయంత్రం హార్మోనిస్టుని. రిటైరయ్యాక రెండోదే మిగిలింది.

ఈ ఏడాది మాకో కొత్త తలనొప్పి వచ్చింది. పేరు ప్రణతి. వరంగల్ పిల్ల, ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతోంది. చదివే చదువు చాలక జర్మన్ నేర్చుకుందట, పాతకాలపు జర్మన్ పాటల నాటకమొకటి తెలుగు చేసిందట, అది మేమే ఆడాలట. నాటకం నిండా దొంగలూ బిచ్చగాళ్లూ, లంచాలు మేసే పోలీసూ. ఒక దొంగ, వాడి కొత్త పెళ్లాం, వాడు వదిలేసిన పాత మనిషి. ఉన్నట్టుండి కథ ఆపేసి, జనం వైపు తిరిగి పాట అందుకుంటారు. పాట అవగానే ఏమీ ఎరగనట్టు మళ్లీ కథలోకి వెళ్లిపోతారు.

"ఇదేటి కొత్త? మనం సేసీదే కదా," అన్నాడు దొంగ వేషం కట్టే నూకరాజు.

కొత్త పెళ్లాం వేషం మా అమ్మాయి కళ్యాణికి వచ్చింది. తెలుగు బళ్లో టీచరు, స్టేజి ఎక్కడం ఇదే మొదలు. పాత మనిషి వేషం దాలమ్మది. దాలమ్మ తాల్‌బగీచాలో మా పక్కింటావిడ, నన్ను అన్నా అంటుంది, కళ్యాణికి అత్త. ఆ వేషానికి మాటలే గాని పాట లేదు.

ఆ నాటకాన్ని సినిమాగా కూడా తీశారని ప్రణతి ఒక ఆదివారం లాప్‌టాప్‌లో చూపించింది. చిక్కంతా అక్కడ మొదలైంది. తనను చిన్నచూపు చూసిన వీధినంతటినీ ఒక ఆడమనిషి నిలదీసే పాట ఉంది. మా పుస్తకంలో అది కొత్త పెళ్లాం పాట. సినిమాలో మాత్రం పాత మనిషి పాడింది. కదలకుండా, చెయ్యి కూడా ఊపకుండా.

"ఆ పాట ఈ మనిసిదే," అంది దాలమ్మ. "నిన్నగాక మొన్న పెళ్లయిన పిల్లకి అంత కోపం ఎక్కడిది?"

"మనం ఆడేది నాటకం కదా ఆంటీ, సినిమా కాదు. పాట కళ్యాణక్కదే," అంది ప్రణతి.

"ఠీక్ హై," అంది దాలమ్మ. ఆవిడ ఠీక్ హై అందంటే ఏదీ ఠీక్‌గా లేదని నాకు తెలుసు.

మర్నాటి నుంచి నాకు కుదురు పోయింది. పొద్దున్నే గోడవతల దాలమ్మ గిన్నెలు తోముకుంటూ ఆ పాట పాడేది. ఇవతల కళ్యాణి జడ వేసుకుంటూ అదే పాట. ఆవిడ నాలుగు శ్రుతి, ఈవిడ అయిదున్నర. మధ్యలో నేను పేపరు పట్టుకుని ఒకే వార్త మూడుసార్లు చదివేవాణ్ణి. టీ చల్లారిపోయేది. పని లేకపోయినా సైకిలెక్కి న్యూ సెటిల్‌మెంట్ మైదానం దాకా పోయి, ఎందుకొచ్చానో తెలియక తిరిగొచ్చేవాణ్ణి.

దాచడమెందుకు, చెప్పేస్తాను. ఒకప్పుడు దాలమ్మ ఆరు శ్రుతిలో పాడితే రైలు దిగినవాళ్లు కూడా ఆగి వినేవారు. వయసుతో గొంతు నాలుగుకి దిగింది. ఎనిమిదేళ్ల కిందట కమిటీ దగ్గర, "ఆయమ్మకి పాటల్లేని వేషాలియ్యండి," అన్నది నేనే. గొంతు దిగిందే గాని చెడలేదు. నాలుగులో వాయించడానికి నాకు బద్ధకం, అంతే. అయిదున్నరలో వేళ్లు అలవాటు పడిపోయాయి. ఆ బద్ధకంతో ఒక మనిషి నోరు ఎనిమిదేళ్లు మూయించాను. ఎవరన్నారో ఆవిడకి తెలియదనుకుంటూ ఆవిడ పెట్టిన పులుసులు తిన్నాను.

పాట దాలమ్మకి వదిలెయ్యమని కళ్యాణికి చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడోసారి ఆ పిల్ల సైకిలు తుడుస్తూ, "నాన్నా, నాకు ఒక్క వన్స్‌మోర్ వస్తే సాలు," అంది. మా జనానికి పాట నచ్చితే వన్స్‌మోర్ అని అరుస్తారు. అప్పుడు కథ ఎక్కడున్నా ఆగాలి, పాడినవాళ్లే మళ్లీ పాడాలి. ఇంకెవరూ దాన్ని ముట్టుకోరు. మొదటి వన్స్‌మోర్ ఎవరికి ఏ ఊళ్లో వచ్చిందో ముసలాళ్లయ్యాక కూడా చెప్పుకుంటాం. నేను నోరు మూసుకున్నాను.

ప్రణతి మాత్రం వన్స్‌మోర్లు వద్దని ముందే హెచ్చరించింది. అందరం బుద్ధిగా తలూపాం.

ఆట రోజు సాయంత్రం అయిదింటికే న్యూ సెటిల్‌మెంట్ మైదానం నిండిపోయింది. కళ్యాణి పాట అందుకుంది. నా కూతురని కాదు, బాగా పాడింది. ఆఖరి చరణం ముగియకముందే వెనక వరసల్లోంచి "వన్స్‌మోర్!" అని కేక. బెంగాలీ దాదాలు కూడా తమ భాషలో "ఆబార్! ఆబార్!" అని అందుకున్నారు. కళ్యాణి మొహం వెలిగిపోయింది. నా వైపు చూసి, పెట్టమన్నట్టు తలూపింది.

స్టేజి మీద వెనగ్గా, దొంగ ఇంటి సెట్టు గుమ్మం పక్కన దాలమ్మ నిలబడి ఉంది. పెదాలు కదులుతున్నాయి.

నా వేళ్లు నాలుగుకి దిగిపోయాయి.

కళ్యాణి నోరు తెరిచింది. శ్రుతి తనది కాదు. తప్పు నొక్కానేమోనని ఒక్క క్షణం ఆగి చూసింది. నేను అదే మెట్టు నొక్కిపట్టాను. అప్పుడు అర్థమైంది ఆ పిల్లకి. రెండడుగులు వెనక్కి వేసి చోటిచ్చింది. దాలమ్మ ముందుకొచ్చి పాడింది. కదలకుండా, చెయ్యి ఊపకుండా. మైదానంలో పల్లీలవాడు కూడా పొట్లం కట్టడం ఆపేశాడు. వాయిస్తూనే ఏడ్చాను, సంతోషానికో సిగ్గుకో అప్పుడు తెలియలేదు.

ఆట అయ్యాక ప్రణతి పరుగెత్తుకొచ్చింది. "అంకుల్, మతి పోయింది! ముందే అనుకున్నారా ఇట్ల?" అంటూ చేతులు పట్టుకుంది. దాలమ్మ మొహానికి రంగు కూడా తుడుచుకోకుండా వచ్చి నా ఎదుట నిలబడింది.

"నాటకంలో దొంగలు సాల్లేదని నన్నూ దొంగని సేసినావేటన్నా? ఆ పిల్ల వన్స్‌మోర్ నాకేల?"

"పాడినావు కదా."

"పాడినాను. నా గొంతు నన్నడక్కుండా లేసిపోనాది. అది నా తప్పు."

చెప్పేద్దామనుకున్నాను. "దాలమ్మా, ఎనిమిదేళ్ల కిందట కమిటీలో..."

"తెల్సు," అంది. "ఆ సాయంత్రమే తెల్సు. అప్పుడు నన్నడగలేదు. ఇప్పుడు దాన్నడగలేదు."

అంతే అని వెళ్లిపోయింది.

కళ్యాణి ఎప్పటిలాగే హార్మోనియం పెట్టెని సైకిల్ క్యారియర్‌కి కట్టింది. ఇద్దరం నడుస్తున్నాం. రైల్వే గేటు దగ్గర గూడ్స్ అడ్డం వచ్చి ఆగాం. పెట్టెలన్నీ వెళ్లేదాకా లెక్కపెడుతూ నిలబడ్డాను.

"అడిగుంటే ఇచ్చుందువేటమ్మా?" అన్నాను చివరికి.

"ఏమో. ఇచ్చుందునో లేదో నాకే తెల్దు," అంది. "అడిగితే కదా నాన్నా తెలిసీది."

గేటు లేచింది. మా వీధి మలుపు దాకా ఆ పిల్ల నా వైపు చూడలేదు. వచ్చే ఆదివారం రెండో ఆట ఉంది. ఎప్పుడూ ఎవరినీ అడగని మాట అప్పుడడిగాను.

"ఏ శ్రుతి పెట్టమంటావు?"

"ముందు అత్తనడుగు. తర్వాత నన్నడుగు," అంటూ సైకిలు నడిపించుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

దాలమ్మ ఇంట్లో లైటు వెలుగుతోంది. లోపల గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, పాట లేదు. గుమ్మం ముందు చాలాసేపు అటూ ఇటూ తిరిగి, గొళ్లెం చప్పుడు చేశాను.