అన్నిటికీ ఒకటే బ్లేడు

కోత మేస్త్రి నట్టు బిగించి బ్లేడును చేత్తో ఒక చుట్టు తిప్పాడు. అది ఊగకుండా తిరిగి ఆగింది. పళ్ళ కొసలను బొటనవేలితో తాకి చూశాడు. దువ్వెన మీద పోయినట్టు పోయింది వేలు. ఆ నునుపు అతనికి నచ్చలేదు.

స్విచ్ నొక్కాడు. బల్ల కింద మోటారు లేచింది. ఆ సంగతి అతనికి అరికాళ్ళలో తెలిసింది. చెవుల్లో తెలియడం మానేసి చాలాకాలమైంది.

మిషన్ తిరుగుతున్నంతసేపూ ఆ రేకుల షెడ్డులో అందరూ చెవిటివాళ్ళే. పని సైగల మీద నడుస్తుంది. అతనికి ఇబ్బందల్లా మిషన్ ఆగినప్పుడే. అందుకని పొద్దున అందరికన్నా ముందు వచ్చి మిషన్ వేసేవాడు. సాయంత్రం అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పోయాక ఆపేవాడు. ఓనరుకు అది పనిమీద భక్తిలా కనిపించింది. "మేస్త్రిని చూసి నేర్చుకోండయ్యా" అని ఒకసారి నలుగురిలో అన్నాడు. మేస్త్రి ఆ మాట వినలేదు, ఓనరు పెదవుల మీద చూశాడు. ఇంటికెళ్ళి భార్యకు చెప్పుకున్నాడు.

కూలగొట్టిన ఇళ్ళ కలప కొని, కోసి, తలుపులకూ కిటికీలకూ అమ్మే చోటది. కొత్త చెక్కలో ముడులుంటాయి. పాత చెక్కలో మేకులుంటాయి. పైకి కనిపించే మేకును ఎవరైనా పీకుతారు. తల విరిగి లోపల ఉండిపోయిన మేకుతోనే చిక్కు. తుప్పు చెక్క రంగులో కలిసిపోతుంది. దాని మీదికి బ్లేడు పోయిందంటే పన్ను ఎగిరిపోతుంది, లేదా చెక్క వెనక్కి తన్నుతుంది. ఆ షెడ్డులో మేస్త్రికి ముందు పనిచేసినవాళ్ళలో వేళ్ళన్నీ ఉన్నవాడు లేడు. మేస్త్రికి పదీ ఉన్నాయి. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే రెండు చేతులూ బల్ల మీద పరిచి చూపించేవాడు. అతనికి ఇంకేమీ చూపించుకునేది లేదు.

ఆ వేళ్ళు మిగలడానికి కారణం అరచేతులే. చెక్కను పొడవునా చీల్చే పాత నిలువుకోత బ్లేడుకు పళ్ళు తక్కువ, పెద్దవి. ఒక్కో పన్ను చెక్కను కొరికినప్పుడల్లా ఆ కాటు పలక వెంట వచ్చి అతని చేతుల్లో తెలిసేది. మేకు తగిలితే బ్లేడు ముందు దాన్ని గీరుకుంటుంది, తర్వాతే కొరుకుతుంది. గీరడానికీ కొరకడానికీ నడుమ రెప్పపాటు ఉంటుంది. ఆ రెప్పపాటులో తోయడం ఆపి మోకాలితో స్విచ్ కొట్టేయాలి. వినేవాళ్ళకు ఆ గీరుడు చెవుల్లో పడుతుంది. అతనికి చేతుల్లో పడేది. ఇలా ఒకరోజు మేకు దొరికినప్పుడు తలుపుల వడ్రంగి అన్నాడు, "గోడలకు చెవులుంటాయంటారు. మన మేస్త్రికి చేతులకున్నాయిరా" అని. అందరూ నవ్వారు. మెచ్చుకోలనుకుని మేస్త్రి కూడా నవ్వాడు.

రెండో ఆధారం బావమరిది గడ్డం.

బావమరిదిని ఆ షెడ్డుకు తీసుకొచ్చింది మేస్త్రే. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు, ఏ పనిలోనూ నిలవనివాడు. బల్లకు అవతల నిలబెట్టి, తెగి వచ్చే పలకను ఎలా పట్టుకోవాలో, చేతులు ఎక్కడ పెట్టకూడదో నేర్పాడు. అవతల నిలబడేవాడి ముఖాన పొట్టు పడుతుంది. ఇవతల నిలబడేవాణ్ణి మేస్త్రీ అంటారు. ఒకసారి కోత మధ్యలో బావమరిది గడ్డం పైకెత్తాడు. ఎందుకో తెలియకుండానే మేస్త్రి తోయడం ఆపాడు. చెక్క పక్కకు తీసి చూస్తే మేకు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మేకు పీకి, మళ్ళీ పనిలో పడ్డారు. ఆ తర్వాత అదే ఒప్పందమైంది. చేతులు చెప్పనిదాన్ని గడ్డం చెప్పేది. దాని గురించి ఇద్దరి మధ్యా ఒక్క మాట జరగలేదు. చెవుల సంగతి ఎత్తకుండా ఆ మాట ఎత్తడం కుదరదు.

కొత్త బ్లేడు వచ్చి వారం కాలేదు. ఓనరు అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదిగో మేస్త్రీ. అడ్డానికీ నిలువుకీ ఇదే. ప్లైవుడ్డుకీ ఇదే. మాటిమాటికీ విప్పి బిగించే గొడవ లేదు ఇంక."

"నిలువు కోతకి పాతదే నయమండీ."

"దీనికేమొచ్చింది?"

"మరీ మెత్తగా తెగుద్దండీ."

"మెత్తగా తెగడం కూడా తప్పేనా? కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావే." ఓనరు చుట్టూ చూశాడు. నవ్వాల్సినవాళ్ళు నవ్వారు. "పాతవి ఇనుప సామాన్లోడికి ఇచ్చేశా. ఇంక వాటి ఊసెత్తకు."

అసలు కారణం చెబితే బల్ల పోతుంది. చెప్పకపోతే వేళ్ళు పోతాయి. మేస్త్రి నట్టు విప్పి కొత్త బ్లేడు ఎక్కించాడు.

దాని పళ్ళు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఏ పనికైనా సర్దుకుపోయే రకం. నిలువుగా తోసినా అడ్డంగా తోసినా ఒకేలా తెగుతుంది. తెగిన అంచు చిత్రిక పట్టినట్టు వస్తుంది. అందరికీ నచ్చింది. మేస్త్రి చేతులకు మాత్రం ఏమీ అందలేదు. పలక అతని చేతుల్లోంచి నీళ్ళలో పోయినట్టు పోయేది. మొదటిరోజు అరచేతులు తిమ్మిరెక్కాయేమోనని రుద్దుకున్నాడు. రెండోరోజుకు అర్థమైంది. అప్పటినుంచి అతను బ్లేడును చూడటం మాని గడ్డాన్ని చూస్తున్నాడు. తిరిగే బ్లేడు మీదినుంచి కళ్ళు తీయకూడదని బావమరిదికి నేర్పింది తనే.

మధ్యాహ్నం మిషన్ ఆపక తప్పదు. ఆ రోజూ మేస్త్రి క్యారియరు తీసుకుని చెక్కల దొంతుల వెనక్కి పోయి తిన్నాడు. కొన్నేళ్ళుగా అక్కడే తింటున్నాడు. నలుగురిలో కూర్చుంటే ఎవరేమన్నారో తెలియక, అందరూ నవ్వాక ఒక్క క్షణం ఆలస్యంగా నవ్వాల్సి వస్తుంది. ఇంట్లోనూ అంతే. కూతురు బిడ్డతో వచ్చినప్పుడు మనవరాలు వెనక చేరి ఏదో అడిగేదట. అతను తిరిగేవాడు కాదు. పిల్ల అడిగీ అడిగీ మానేసింది. "తాతకి నేనంటే ఇష్టం లేదు" అని వాళ్ళమ్మతో చెప్పింది. ఆ మాట భార్య అతని ముందు కూర్చుని, ముఖం చూస్తూ, నిదానంగా చెప్పింది. నిజం చెప్పేయమంది. రేపు చెబుతానన్నాడు. పిల్లకు చెబితే కూతురికి తెలుస్తుంది, కూతురికి తెలిస్తే అల్లుడికి, అల్లుడికి తెలిస్తే ఊరంతటికీ. చెవిటివాణ్ణి బల్ల దగ్గర ఎవరూ నిలబెట్టరు. బల్ల పోతే తనకు మిగిలేది చెవుడొక్కటే.

తిండి అయ్యాక గోదాము కప్పునుంచి దింపిన దూలాల పని పట్టారు. వాటిని అంతకుముందే పలకలుగా చీల్చి పెట్టారు. మేస్త్రి ఒక్కో పలకను అరచేత్తో తడిమి, పైకి తగిలిన మేకులు పీకి, బల్ల మీద పెట్టి తోశాడు. నాలుగు పలకలు తెగాయి. అయిదోదాని మధ్య వరకూ బ్లేడు వచ్చింది. చేతులకు ఏమీ తెలియలేదు. మేస్త్రి కళ్ళెత్తాడు.

బావమరిది అతని వంకే చూస్తున్నాడు. కనుబొమల మీద పొట్టు ఉంది. గడ్డం కదల్లేదు.

మేస్త్రి తోశాడు.

చెక్క లేచి వెనక్కి తన్నింది. కొస అతని తుంటికి తగిలింది. బల్ల మీద ఏదో మెరిసి పోయింది. మోకాలు దానంతటదే స్విచ్ మీదికి పోయింది. బ్లేడు ఆగేసరికి షెడ్డులో వాళ్ళంతా బల్ల చుట్టూ ఉన్నారు. రెండు పళ్ళు లేవు. వాటి చోట బ్లేడు అంచు నల్లగా ఉంది. చెక్కలో మేకు సగానికి తెగి తళతళలాడుతోంది.

ఓనరు వచ్చి బ్లేడు చూశాడు, మేకు చూశాడు, తర్వాత మేస్త్రి ముఖం చూశాడు. ఏదో అన్నాడు. మళ్ళీ అన్నాడు. రెండోసారి పసివాళ్ళతో అన్నట్టు నోరు పెద్దగా తెరిచి అన్నాడు.

"విన-పడ-లేదా?"

"పొట్టు కళ్ళలో పడిందండీ" అన్నాడు మేస్త్రి.

ఓనరు బావమరిది వైపు తిరిగాడు. బావమరిది తల వంచుకుని మాట్లాడాడు. పెదవులు సగమే కనిపించాయి. ఆ సగం చాలింది.

"నేను ముందే చెప్పలేదా అండీ."

తలుపుల వడ్రంగి ఉలి తుడుచుకుంటూ తన చోటికి పోయాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు. ఎవరి ముఖంలోనూ లేదు. అన్నేళ్ళూ తను దాచింది ఎవరి దగ్గరో మేస్త్రికి అర్థం కాలేదు. ఓనరు అతని భుజం మీద చెయ్యి వేసి, గోడవారన మేకులు పీకేవాళ్ళు కూర్చునే చోటు చూపించాడు.

"రేపట్నుంచి అక్కడ కూర్చో మేస్త్రీ. నీడపట్టున పని. నిన్ను పొమ్మంటున్నానా? చేతులు బాగున్నప్పుడే మారడం మంచిది."

అన్ని మాటలూ అతను చదవలేకపోయాడు. వేలు ఎటు చూపిందో చూశాడు.

నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటుంటే బావమరిది వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అతని ముఖానికి సూటిగా, ఒక్కో మాటా విడదీసి మాట్లాడాడు. ఇన్నేళ్ళలో అలా మాట్లాడటం అదే మొదలు.

"బావా, నా మీద కోపం పెట్టుకోకు."

"నీకు వినపడిందా?" అన్నాడు మేస్త్రి.

బావమరిది తొట్టిలోకి చూశాడు.

"నన్ను చూసి చెప్పు. వినపడిందా లేదా?"

"వినపడింది."

"మరి?"

"అక్కే చెప్పింది. ఇంక సైగ చెయ్యొద్దంది. ఏదో ఒక రోజు నేను సెలవు పెడితే నీ చెయ్యి పోద్దని రోజూ ఏడుపే. మాటతో చెప్తే నువ్వు దిగవుగా. ఏదో చిన్న మేకు తగిలితే, బ్లేడు పాడైతే, ఓనరే దింపేస్తాడు, నీకూ మాట రాదు అనుకున్నాం."

"అనుకున్నారా? ఎప్పుడు?"

"నిన్న."

"నిన్న నువ్వు ఇంటికొచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాగా."

బావమరిది పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. మళ్ళీ ఆ గుడ్డ పక్కకు తీసి, పెదవులు కనిపించేలా పెట్టి చెప్పాడు.

"నీ ముందే అనుకున్నాం బావా. నువ్వు అన్నం తింటున్నావు."

మేస్త్రికి గుర్తొచ్చింది. గోడ వైపు తిరిగి తింటున్నాడు. భార్య వెనకనుంచి వచ్చి, అడక్కుండానే ఇంకో గరిటె కూర వడ్డించింది. ఆమె అలా అడక్కుండా వడ్డించి చాలా రోజులైంది. బాగుందని చెప్పాడు. ఆమె అక్కడే కాసేపు నిలబడింది. తన వెనక ఇద్దరూ మాట్లాడుకుంటున్నారని తెలియక, చేతిలో ముద్ద పెట్టుకుని, కూర బాగుందని ఇంకోసారి చెప్పాడు.

"అయితే బల్ల ఎవరికి?"

అప్పుడే వెనకనుంచి ఓనరు పిలిచినట్టున్నాడు. బావమరిది చటుక్కున తిరిగి, "వస్తున్నానండీ" అని పోయాడు. వినపడేవాళ్ళు ఎంత తేలిగ్గా తిరుగుతారో మేస్త్రి చూశాడు.

బల్ల దగ్గర ఓనరు రెండో అట్టపెట్టె విప్పుతున్నాడు. అదే రకం, మళ్ళీ అదే నునుపు. బావమరిది బోల్టుకు తుప్పు పట్టకుండా నూనె రాసి, అది ఎక్కించి, నట్టు బిగించాడు. మేస్త్రి నేర్పినట్టే చేత్తో ఒక చుట్టు తిప్పి చూశాడు. పళ్ళు పోయిన బ్లేడును ఎవరో గోడకు ఆనించారు.

మేస్త్రి చొక్కా కోసం వెళ్ళాడు. అది మిషన్ ఇవతల, తను నిలబడే చోటుకు వెనక, కప్పును మోసే కర్ర స్తంభానికి వేలాడుతోంది. మెడపట్టీ పట్టుకుని లాగాడు. రాలేదు. భుజం దగ్గర ఎక్కడో పట్టేసింది. గుడ్డ పైకెత్తి చూశాడు. ఎగిరిపోయిన పళ్ళలో ఒకటి చొక్కాలోంచి దూరి స్తంభంలో దిగబడి ఉంది. బియ్యపుగింజకన్నా కొంచెం పెద్దది. చొక్కాను మెల్లగా అటూ ఇటూ తిప్పి విడిపించాడు. అంచులు కాలిన చిన్న చిల్లు పడింది. పన్ను స్తంభంలోనే ఉండిపోయింది. ఆ స్తంభం ముందు నిలబడి చూసుకున్నాడు. పన్ను సరిగ్గా తన గొంతు ఎత్తులో ఉంది. పక్కనుంచి పోయినప్పుడు చప్పుడు చేసే ఉంటుంది.

బావమరిది దాన్ని చూడలేదు. పిలిచి చూపించవచ్చు. ఇంటికెళ్ళి చిల్లు భార్యకు చూపించవచ్చు, "చిన్న మేకే" అని. మేస్త్రి చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకున్నాడు. గోడవారన మేకులు పీకేవాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు. అతను అక్కడికి పోలేదు. క్యారియరు పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, గేటు తీసుకుని బయటికి నడిచాడు. వెనకనుంచి ఎవరైనా పిలిచారేమో, పిలవలేదేమో.

రోడ్డు మీదికి వచ్చాక ఒకసారి తిరిగి చూశాడు. బావమరిది స్విచ్ నొక్కాడు. బల్ల మీంచి పొట్టు లేచింది. రోడ్డు మట్టిలో మేస్త్రి అరికాళ్ళకు ఏమీ తెలియలేదు.

షెడ్డులో కొత్త మేస్త్రి పలకను బల్ల మీదికి ఎత్తి, తోయడానికి కాలు వెనక్కి వేసి, వీపును స్తంభానికి ఆనించాడు. పన్ను అతని మెడ పక్కన, చెక్కలో అలాగే ఉంది.