కాలింది నా జెర్సీ

"లొరీన్, గ్రిల్లు మూత తీసిపెట్టు. వాణ్ణి తగలెయ్యాలి" అన్నాడు నా మొగుడు డ్వేన్. నేను సింకు దగ్గర ఉల్లిపాయలు కడుగుతున్నాను. వాణ్ణి అంటే మనిషిని కాదు, జెర్సీని. మా స్టోకర్స్ ఫుట్‌బాల్ జట్టులో బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ కోల్బీ వ్రెన్ ఆ మధ్యాహ్నమే వేరే జట్టుకి వెళ్ళిపోయాడు. ఒప్పందం ఇంకా రెండేళ్ళుంది. అయినా వేసవి శిక్షణకి రాలేదు. అరవలేదు, తిట్టలేదు, ఇంట్లో కూర్చున్నాడు. వేరే జట్టుకి పంపిస్తే తప్ప ఆడనన్నాడు. పంపించారు. ఈరీ సరస్సు ఒడ్డున మా ఊరు ఊరంతా చావు కబురు విన్నట్టు నోరు తెరుచుకుని ఉండిపోయింది. నేను పనిచేసే సరుకుల కొట్లో మాంసం కోసే పెద్దాయన కత్తి పక్కన పెట్టి ఏడ్చాడు.

నేనూ అభిమానినే, ఆ సంగతి ఎవరూ అడగరు గానీ. ఆదివారం ఆట ఉందంటే డ్వేన్ తమ్ముడు రస్, వాడి స్నేహితులు, మా అత్త బెర్నిస్, అందరూ మా ఇంట్లోనే. సోఫాలు వాళ్ళవి, పొయ్యి నాది. మాంసం, చిక్కుడు గింజలు వేసి వండిన కుండెడు చిల్లీ, పళ్ళేల నిండా కోడి రెక్కలు, చీజు కరగబోసిన చిప్స్. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క ఆటయినా మొదటినుంచి చివరిదాకా చూడలేదు. వంటగది గుమ్మంలోంచి, రస్ బట్టతల పక్కనుంచి, ముక్కలు ముక్కలుగా చూశాను. అలా చూసినా వ్రెన్ నచ్చాడు. నలుగురు మీద పడి తొక్కినా లేస్తాడు, హెల్మెట్‌లో ఇరుక్కున్న గడ్డి పీకి పారేసి మళ్ళీ నిలబడతాడు. ఆ గడ్డి పీకి పారేయడం నాకు ఇష్టం. అతని జెర్సీ నా జీతంతో నేనే కొనుక్కున్నాను. "నీకెందుకమ్మా, నువ్వు చూసేదెప్పుడు?" అంది మా అత్త. వేసుకునే వండాను, వేసుకునే బాత్రూములు కడిగాను. దాని ఎడం చేతి మీద బ్లీచు పడి తెల్ల మచ్చయింది.

పెరట్లోకి వెళ్ళేసరికి జెర్సీ మాంసం కాల్చే గ్రిల్లు మీద ఉంది. రస్ ఫోనుతో వీడియో తీస్తున్నాడు. మా అత్త మడత కుర్చీలో కూర్చుని బీరు తాగుతోంది.

"ఏం తక్కువ చేశాం రా వాడికి? నెత్తిన పెట్టుకున్నాం కదరా!" అంటున్నాడు డ్వేన్. కళ్ళలో నీళ్ళు. నిజం నీళ్ళు. నేను బిత్తరపోయాను. మా అమ్మని పాతిపెట్టి వస్తూ కార్లో స్కోరు విన్న మనిషి ఇతను.

"నా కుక్కకి వాడి పేరు పెట్టాను. ఇప్పుడు దాన్నేమని పిలవాలి?" అన్నాడు రస్.

"అమ్మ పేరు పెట్టు" అన్నాడు డ్వేన్.

"పెట్టి చూడు, నిన్నూ కుక్కనీ కలిపి గెంటేస్తా" అంది మా అత్త.

"పాపం, వేరే జట్టుకి పంపమని అతను మూడుసార్లు అడిగాడట కదా" అన్నాను నేను.

డ్వేన్ నా వైపు తిరిగాడు. "అడిగితే? వద్దన్నాం. వద్దన్నాక నోరు మూసుకుని ఆడాలి. ఇంటి మనిషి అనుకున్నాం కదా వాణ్ణి!" అంటూనే అగ్గిపుల్ల గీశాడు.

భగ్గుమంది. ఆ వెలుగులో కనిపించింది, ఎడం చేతి మీద తెల్ల మచ్చ.

"అది నాది!"

"నా జెర్సీ మీద వాడి సంతకం ఉంది కదా బంగారం. మళ్ళీ దొరుకుతుందా? నీదాని లాంటిది ఏ కొట్లోనైనా దొరుకుతుంది."

"మగాళ్ళ గుండె పగిలి ఉంటే గుడ్డముక్క గొడవేంటి?" అంది మా అత్త.

కోపం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది ఆశ్చర్యం, చెంప మీద కొట్టినట్టు. కాల్చింది నాది, దాచుకుంది తనది, ఏడుస్తున్నదీ తనే! పైగా అడిగితే వద్దన్నాం అంటున్నాడు. నేనూ అడిగాను. ఆసుపత్రిలో శని ఆదివారాలు నర్సు సహాయకుల క్లాసులుంటాయి, చేరతానని అడిగాను. "సీజన్ అవనీ, చూద్దాం" అన్నాడు. సీజన్ అయింది, కొత్త కుర్రాళ్ళని తీసుకునే గోల మొదలైంది. అదయింది, శిక్షణ గోల. మళ్ళీ అడిగాను. మళ్ళీ సీజన్ అవనీ. వ్రెన్‌కి వద్దనే మాటయినా దక్కింది. నాకు అదీ లేదు. అతనికి కోట్లున్నాయి, వకీళ్ళున్నారు, నాకు కొట్లో నిలబడి వాచిన కాళ్ళున్నాయి, తెలుసు. అతనేం మహానుభావుడు కాదు. కానీ మొత్తం ఆట ఎవరి చేతుల మీద నడుస్తోందో వాళ్ళు రాకపోతే ఏమవుతుందో చూపించాడు. జెర్సీ నల్లగా ముడుచుకుపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఇన్నాళ్ళూ నాకు ఇది తట్టలేదేం?

సీజన్ మొదటి ఆదివారం ఉల్లిపాయలు తరగలేదు. కారు తాళాలు తీసుకుని ఆసుపత్రిలో క్లాసుకి వెళ్ళిపోయాను. క్లాసు మధ్యలో విరామం ఇచ్చినప్పుడు డ్వేన్ ఫోను చేశాడు.

"లొరీన్, చిల్లీ ఏది? కుండ ఖాళీగా ఉంది." అతని గొంతులో కోపం కూడా లేదు. నమ్మలేకపోవడమే ఉంది. వెనకనుంచి ఒక్కసారిగా కేకలు.

"ఎవరు కొట్టారు?" అన్నాను.

గొంతు తగ్గించాడు. "వ్రెన్. వాడి కొత్త జట్టు ఆట వేరే చానల్లో వస్తోంది. ఏం విసిరాడో చూడాల్సింది!"

"సంతకం జెర్సీ వేసుకున్నావా?"

"చొక్కా లోపల" అని గొణిగాడు. "రస్‌కి చెప్పకు. సరేగానీ, వీళ్ళందరూ ఆకలి ఆకలి అంటున్నారు. వచ్చే వారమైనా వండుతావా?"

నా ఎదురుగా మంచం మీద ప్లాస్టిక్ బొమ్మ రోగి పడుకుని ఉంది. తర్వాత నాడి చూడటం నేర్పుతారు.

"సీజన్ అవనీ డ్వేన్" అన్నాను. "చూద్దాం."