తడి ఆరేదాకా

బావగారు డ్రమ్ములోంచి దుప్పటి లాగి, దాని అంచును చెంపకు ఆనించుకున్నాడు. ఇంకా చల్లగానే ఉంది. నడుమ ఎండినా కుట్టు దగ్గర తడి దాక్కుంటుంది. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని మొద్దుబారిన ఆయన వేళ్ళు ఆ తడిని పట్టలేవు. అందుకే చెంప. దుప్పటిని మళ్ళీ లోపలికి తోసి డ్రైయర్ తలుపు మూశాడు. అదే వాయి, ఇది మూడోసారి తిరగడం.

నిజానికి ఆయన ఈ లాండ్రీ యజమాని ఒక్కడికే బావ. పొద్దస్తమానం ఆ మనిషి "బావా, బావా" అనడం వినీ వినీ, వీధిలో అక్కల్లేనివాళ్ళకు కూడా ఆయన బావగారే అయిపోయాడు. యజమానికి యాభై దాటాయి, నెత్తిన వెంట్రుక మిగల్లేదు. అయినా బావగారికి అతను చిన్నోడే. తల్లి పోయిన తమ్ముణ్ణి చంకనేసుకుని కాపురానికి వచ్చిన ఆయన భార్య పెట్టిన పేరది. ఆ పిల్లాడికి బావగారు లాగు తొడిగాడు, సైకిలు నేర్పాడు, వాడు పెద్దవాడై లాండ్రీ పెడితే వాడి దగ్గరే పనికి కుదిరాడు. "నువ్వు ఎత్తుకు తిరిగినవాడే నీకు యజమాని అయ్యాడు చూడు" అని ఆవిడ నవ్వేది.

ఆవిడ పోయాక ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ముఖాలు చూసుకుంటే ఆవిడే గుర్తొస్తుందని, చూసుకోవడమే తగ్గించారు. చీకటి పడకముందే చిన్నోడు తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాడు. బావగారు తన గదికి పోయి, ఉన్నదేదో తిని, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అలాంటిది, వానలు మొదలైనప్పటి నుంచి డ్రైయర్ నెమ్మదించింది. వేడెక్కుతోంది, తిరుగుతోంది, బట్ట మాత్రం ఆరదు. చివరి వాయి ఆరేదాకా కొట్టు కట్టేయడానికి లేదు. చిన్నోడు వచ్చి బల్ల మీద ఆయన పక్కన కూర్చోక తప్పలేదు. మొదట్లో ఇద్దరూ డ్రమ్మును చూస్తూ గడిపారు. ఒక సాయంత్రం చిన్నోడు ఉన్నట్టుండి అన్నాడు.

"అక్కకి పాడటం రాదు కదా బావా. అయినా నన్ను నిద్రపుచ్చడానికి పాడేది. ఆ గోల పడలేక నిద్ర నటించేవాణ్ణి."

బావగారు కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఆ తర్వాత ఆయనకు పగళ్ళన్నీ ఆ సాయంత్రాల కోసమే గడిచాయి. డ్రైయర్ రోగం వెనక వేడిగాలి బయటికి పోయే గొట్టంలో ఉందని ఆయనకు ఎప్పుడో అనుమానం వచ్చింది. అయినా అటు కన్నెత్తి చూడలేదు.

ఈ రోజు మాత్రం చూడక తప్పలేదు. పిల్లల వసతిగృహం నడిపే ఆవిడ పొద్దున్నే దుప్పట్ల మూట తెచ్చి బల్ల మీద పడేసింది.

"వాసన చూడండి బావగారూ. చెమ్మ దుప్పట్లలో పడుకుని పిల్లలు దగ్గుతున్నారు."

ఆయన వాసన చూడలేదు. తల దించుకుని, "ఈ పూటే బాగు చేస్తానమ్మా" అన్నాడు.

ముందు డ్రైయర్‌లో బట్టల నూగు పట్టే జల్లెడ తీసి కుళాయి కింద పెట్టాడు. పైకి శుభ్రంగానే ఉంది గాని, నీళ్ళు తామరాకు మీద బొట్టుల్లా నిలబడ్డాయి. కంటికి కనబడని జిడ్డు. నీళ్ళు ధారగా కిందికి దిగేదాకా సబ్బుతో, బ్రష్షుతో రుద్దాడు. దానితో కొంత మెరుగైంది, అంతే. ఇక సాకులు మిగల్లేదు. ప్లగ్గు తీసి, డ్రైయర్‌ను గోడ నుంచి ముందుకు లాగాడు. ఎడమ భుజం పీకింది. కాసేపు నేల మీదే కూర్చుని, ఊపిరి కూడదీసుకుని లేచాడు.

గొట్టం ఒకచోట నొక్కుకుపోయి, లోపల నూగుతో కూరుకుపోయి ఉంది. బెత్తంతో పొడిచి లాగుతుంటే అది కంబళి ముక్కల్లా ఊడివచ్చింది. ఎన్ని రంగుల బట్టలు తిన్నా ఆ గొట్టం దాచుకున్నది ఒక్క బూడిదరంగే. నొక్కు సరిచేసి, గొట్టం బిగించి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కాడు. సందులోకి వెళ్ళి చూస్తే, గోడకున్న గొట్టం మూతి మీది చిన్న రేకు తలుపు వేడిగాలికి టపటపా కొట్టుకుంటోంది.

దుప్పట్లు ఒక్క వాయికే ఆరాయి. కుట్టు కూడా వెచ్చగా తగిలింది. బావగారికి మాత్రం సంతోషం కలగలేదు.

పొద్దు వాలుతుండగా చిన్నోడు వచ్చాడు. మడతల దొంతర మీద చెయ్యి పెట్టి చూసి, బల్ల మీద కూర్చున్నాడు.

"గొట్టమేనా?"

"ఊఁ."

"నాకు తెలుసు బావా. రోజూ ఆ సందులోంచేగా వస్తాను. రేకు లేచేది కాదు."

బావగారు అతని వైపు తిరిగాడు. "మరి చెప్పలేదేంరా?"

"నువ్వు చెప్పావా?"

బావగారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఇద్దరం కలిసి ఆ పసిపిల్లల్ని చెమ్మలో పడుకోబెట్టాం కదరా."

"అక్క ఉంటే ఇద్దరికీ గడ్డి పెట్టేది."

"పెట్టేది" అన్నాడాయన. తర్వాత మెల్లగా, "ఇక తొందరగా ఆరిపోతాయిలే. నువ్వు పెందరాళే ఇంటికి పోవచ్చు" అన్నాడు.

"బట్టలు ఆరితే మనం కూర్చోకూడదా ఏంటి? ఆ చివరి వాయి వెయ్యి. నేను టీ పట్టుకొస్తా."

"నాకు చక్కెర..."

"వద్దు. తెలుసులే."

చిన్నోడు మెట్లు దిగి వెళ్ళాడు. బావగారు దిండు గలీబులు డ్రమ్ములో వేసి, విడిగా ఆరిన ఒకదాన్ని ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టసాగాడు. పీకుతున్న భుజాన్ని ఒకసారి రుద్దుకున్నాడు. గోడకు తల ఆనించాడు. వానలు మొదలయ్యాక ఆ డ్రమ్ము ఇంత తేలిగ్గా తిరగడం ఆయన వినలేదు.

టీ కొట్టు దగ్గర జనం ఉన్నారు. చిన్నోడు తిరిగొచ్చేసరికి డ్రమ్ము ఆగిపోయి ఉంది. మూతలు పెట్టిన గ్లాసులు రెండూ డ్రైయర్ మీద పెట్టాడు.

"బావా, టీ."

గోడకు ఆనించిన తల కదల్లేదు, ఊపిరీ లేదు. భుజం మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే ఉంచాడు. ఎవరినైనా పిలవాలని తెలుసు. కానీ ముందు పక్కన కూర్చున్నాడు. "అక్క పాటకి నువ్వు కూడా నిద్ర నటించేవాడివి. నాకు తెలుసు" అన్నాడు. ఆ తర్వాతే లేచి వీధిలోకి వెళ్ళాడు.

వీధివాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఎవరో బల్ల జరిపారు, ఎవరో తలుపులు బార్లా తీశారు. ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళాక కొట్టు ఖాళీ అయింది. చక్కెర లేని టీ మాత్రం డ్రైయర్ మీదే ఉండిపోయింది. డ్రైయర్ పైరేకు ఇంకా వేడిగా ఉండటంతో, అది చాలాసేపటి వరకు చల్లారలేదు.