సీసా మీద పేరు

మార్తమ్మ ఇరవై ఏళ్లుగా మాచర్ల దారిలోని ఊళ్లలో కాన్పులు చేస్తూ, టీకాలు వేస్తూ తిరిగిన నర్సు. ఆమె మాటంటే ఆడవాళ్లకు గురి. 1988 ఎండాకాలంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. రాళ్ల లారీలు ఆగేచోట ఒళ్లమ్ముకుని బతికే ఆడవాళ్ల రక్తం తీసి పరీక్షకు పంపాలట. ఎయిడ్స్ అనే ఆ కొత్త జబ్బు పేరు అంతకుముందు ఆమె పేపర్లో చూసిందే తప్ప ఏమీ ఎరగదు.

లారీల అడ్డా వెనక పాకల్లో తొమ్మిదిమంది ఉండేవారు. సూది చూసి ఎనిమిదిమంది తలుపులు వేసుకున్నారు. సుబ్బరత్నం ఒక్కతే చాప పరిచింది. మూడేళ్ల కిందట కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి తను చావబోతే బతికించింది మార్తమ్మే. బిడ్డ మాత్రం దక్కలేదు.

"నెత్తురెందుకక్కా?"

"కొత్త రోగమేదో వచ్చిందంట. ఉంటే మందిస్తారు. నీ పేరు ఎవరికీ చెప్పన్లే."

"నువ్వుండగా నాకేంది భయం!" అంటూ సుబ్బరత్నం చెయ్యి చాపింది. అంతటితో ఊరుకోక మిగతా పాకల తలుపులు కూడా తనే తట్టింది. "మన మార్తమ్మక్కేనే, రండి!"

మార్తమ్మ తొమ్మిది సీసాల మీదా పేర్లు రాయకుండా అంకెలే వేసింది. ఆస్పత్రి డాక్టరు శివరామయ్య అవి చూసి, "పేరూ ఊరూ లేకపోతే ల్యాబువాళ్లు తీసుకోరు, రాయండి" అన్నాడు. ఆమె చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. మందు రావాలంటే పేరుండాలి కదా అని తనకు తానే సర్దిచెప్పుకుని రాసేసింది.

మూడు నెలలకు కాగితం వచ్చింది. తొమ్మిదిమందిలో జబ్బున్నది సుబ్బరత్నానికే.

"మందెప్పుడొస్తది సార్?"

"మందు లేదమ్మా. మనిషిని పంపమన్నారు. పట్నంలో సర్కారు హోంలో పెడతారు."

"ఎన్నాళ్లు?"

"అది రాయలేదు."

"దీన్నొక్కదాన్ని తీసుకుపోయి ఏం లాభం సార్? అంటించినోడు లారీ ఎక్కి తిరుగుతానే ఉన్నాడు. మన ఆస్పత్రి గదిలో నిరోధ్ పెట్టెలు చానా ఉన్నయ్. అడ్డాలో పంచుదాం."

"అవి కుటుంబ నియంత్రణవి. పెళ్లయినవాళ్లకే ఇవ్వాలి." శివరామయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట అంటూ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే పోలీసు జీపు వచ్చింది. ఖాకీ బట్టలు చూడగానే సుబ్బరత్నం పరుగెత్తబోయింది. వాళ్ల వెనక మార్తమ్మ కనపడేసరికి ఆగిపోయింది.

"నువ్వే చెప్పావా అక్కా?"

మార్తమ్మ రెండడుగులు ముందుకేసింది.

"మందిస్తానన్నావు గదా. జీపు తెచ్చావేంది?"

ముట్టుకోవడానికి జంకి కానిస్టేబులు ఆమెను లాఠీతో తోశాడు. మార్తమ్మ ఆ లాఠీ పక్కకు నెట్టి, తనే భుజం పట్టుకుని జీపు ఎక్కించబోయింది. సుబ్బరత్నం ఆ చేతిని విదిలించుకుని తనంతట తానే ఎక్కింది.

వారం తిరక్కుండా పాకలు ఖాళీ అయ్యాయి. మార్తమ్మ ఎవరికీ చెప్పకుండా నిరోధ్ పొట్లాలు సంచిలో వేసుకుని వెళ్లేసరికి అక్కడ పుచ్చుకునేవాళ్లే లేరు. ఆ ఎనిమిదిమంది ఏ రోడ్డు పక్కకు చేరారో, ఎవరికైనా జబ్బు సోకిందో, అడిగే దిక్కు లేకుండా పోయింది. ఆ తర్వాత ఆమె సంచి కనపడితే కాన్పుల ఇళ్లలో కూడా కొందరు ఆడవాళ్లు మాట ఆపేసేవారు.

ఆమె రెండుసార్లు సెలవు పెట్టి హోంకు వెళ్లింది. మొదటిసారి గేటు దగ్గరే ఆపేశారు. ఏడాది తర్వాత మళ్లీ వెళితే వార్డెను రిజిస్టరు తిరగేసింది.

"క్షయతో పోయింది. రెండు నెలలైంది. ఎవరూ రాలేదు, మేమే మట్టి చేశాం. మీరామెకు ఏమవుతారు?"

మార్తమ్మ సంచి భుజానికి తగిలించుకుంది. బయటికొచ్చి గేటు పక్క అరుగు మీద కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఊరికి పోయే బస్సు ఒకటి వెళ్లిపోయింది. ఇంకోటీ వెళ్లిపోయింది.